మీకు తెలుసా? తెర లేని కంప్యూటర్లలో తప్పులు వెతికేవాళ్ల సంగతులు

వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్, కరెంటు మీటరు, ఎలక్ట్రిక్ స్కూటరు, ఆసుపత్రిలో మందును చుక్కచుక్కగా ఎక్కించే పంపు. వీటన్నిటి లోపలా ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. చాలావాటికి తెర ఉండదు, కీబోర్డు అసలే ఉండదు. లోపలి ప్రోగ్రాం దారి తప్పితే ఎక్కడ తప్పిందో చెప్పే దిక్కు ఉండదు. ఆ తప్పును పట్టుకునే పనిముట్టు పేరు డీబగ్గర్. తప్పు ఉండేది చిప్పులో, డీబగ్గర్ నడిచేది ఇంజనీరు ల్యాప్‌టాప్‌లో. ఆ ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉన్నా, లినక్స్ ఉన్నా, మ్యాక్ అయినా ఈ పనిముట్టు ఒకేలా పనిచేయాలి. అలా పనిచేయించడానికి ఏళ్ల తరబడి శ్రమిస్తున్న డెవలపర్లు ఉన్నారు. బాగా చేసినకొద్దీ ఎవరికీ కనపడని పని అది. అందుకే దాని గురించి రాయాలనిపించింది.

నాలుగు తీగల దారి డీబగ్గింగ్ కోసం పుట్టలేదు

1980ల్లో సర్క్యూట్ బోర్డుల మీద చిప్పులు కిక్కిరిశాయి. పిన్నులు ఎంత దగ్గరగా వచ్చాయంటే, టంకం సరిగ్గా పడిందో లేదో సూదిమొన ఆనించి చూడటానికి చోటు లేకుండా పోయింది. దాంతో కొన్ని ఎలక్ట్రానిక్స్ కంపెనీలు 1985లో జట్టు కట్టాయి. చిప్పే తన పిన్నుల స్థితిని ఒకదాని తర్వాత ఒకటిగా బయటికి పంపే పద్ధతిని తయారుచేశాయి. ఆ జట్టు పేరే జేటాగ్. 1990లో అది ఐఈఈఈ 1149.1 ప్రమాణంగా వెలువడింది. ఫ్యాక్టరీలో బోర్డు పరీక్ష కోసం వేసిన ఆ నాలుగు తీగల దారినే ప్రాసెసర్లు తయారుచేసేవాళ్లు తర్వాత మరో పనికి వాడుకున్నారు. నడుస్తున్న ప్రోగ్రాంను ఆపడం, రిజిస్టర్లు చదవడం, మెమరీ మార్చడం అన్నీ అందులోంచే. పిన్నులు తక్కువగా ఉండే చిన్న చిప్పుల కోసం ఆర్మ్ కంపెనీ ఆ నాలుగింటినీ రెండు తీగలకు కుదించింది. దాన్ని ఎస్‌డబ్ల్యూడీ అంటారు.

జేటాగ్ కంట్రోలర్‌కు 16 స్థితులు ఉంటాయి. అది ఏ స్థితిలో ఉందో మనకు తెలియకపోయినా ఫరవాలేదు. ఒక తీగను 1 మీద ఉంచి, క్లాక్ తీగను ఐదుసార్లు కొడితే అది మొదటి స్థితికి వచ్చి తీరుతుంది. ఎక్కడున్నా ఇంటికి చేరే దారి ఒకటి ఉండేలా ముందే ఆలోచించి గీసినవాళ్లకు నమస్కారం పెట్టాలి.

అవతల ఎన్ని చిప్పులున్నాయో తెలియకపోయినా లెక్కపెట్టవచ్చు

ఒకే జేటాగ్ దారి మీద వరసగా నాలుగైదు చిప్పులు ఉండవచ్చు. రీసెట్ అయ్యాక, గుర్తింపు సంఖ్య ఉన్న చిప్పు తన 32 బిట్లను పంపడానికి సిద్ధమవుతుంది. లేని చిప్పు ఒకే ఒక్క బిట్ పంపుతుంది. గుర్తింపు సంఖ్యలో మొదట బయటికొచ్చే బిట్ ఎప్పుడూ 1. సంఖ్య లేని చిప్పు పంపే బిట్ ఎప్పుడూ 0. కాబట్టి డీబగ్గర్ 0 చూస్తే ఒక చిప్పు దాటానని, 1 చూస్తే ఇంకో 31 బిట్లు చదవాలని అర్థం చేసుకుంటుంది. ఇంత చిన్న నియమంతో కొత్త బోర్డు మీద ఏమేం ఉన్నాయో దానంతట అదే కనుక్కుంటుంది.

కంటితో చదవగలిగే భాష

రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాసిన జీడీబీ ఈనాటికీ ఎంబెడెడ్ డీబగ్గింగ్‌కు వెన్నెముక. అది దూరంగా ఉన్న చిప్పుతో మాట్లాడే భాష చాలా సాదా. రిజిస్టర్లన్నీ చెప్పమని అడగాలంటే ఇంగ్లిష్ చిన్నబడి జి అక్షరం ఒక్కటి పంపితే చాలు. ముందు డాలర్ గుర్తు, వెనక హాష్ గుర్తు, ఆ తర్వాత రెండు అంకెల తనిఖీ మొత్తం ఉంటాయి. అక్షరాల కోడ్‌లన్నీ కూడి 256తో భాగిస్తే వచ్చే శేషమే ఆ తనిఖీ మొత్తం. హెక్సాడెసిమల్‌లో జి కోడ్ 67 కాబట్టి ఇక్కడ ఆ మొత్తమూ 67 అవుతుంది. అందినట్టయితే అవతలివైపు నుంచి కూడిక గుర్తు వస్తుంది, చెడితే తీసివేత గుర్తు.

సీరియల్ తీగల కాలంలో తయారైన ఈ భాషను ఎవరైనా కొన్ని వందల లైన్లలో రాసుకోవచ్చు. అందుకే ఎమ్యులేటర్లు, డీబగ్ సర్వర్లు, ల్యాప్‌టాప్‌ను చిప్పుకు కలిపే, అరచేతిలో పట్టే ప్రోబ్‌లు కూడా దీన్నే మాట్లాడుతున్నాయి. క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్ 1234 నంబరు పోర్టు మీద, ఓపెన్‌ఓసీడీ అనే డీబగ్ సర్వర్ 3333 మీద జీడీబీ కోసం ఎదురుచూస్తాయి. బ్లాక్ మ్యాజిక్ ప్రోబ్ అనే పరికరం మరో అడుగు ముందుకేసింది. ఆ భాషను ప్రోబ్ లోపలే పెట్టి, కంప్యూటర్‌కు మామూలు సీరియల్ పోర్టులా కనిపిస్తుంది. మధ్యలో సర్వర్ ప్రోగ్రాం అక్కర్లేదు. సీరియల్ పోర్టు తెరవగలిగిన ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ అది నడుస్తుంది. ఒక్కో వ్యవస్థకూ ఒక్కో మందు వెతకకుండా సమస్య మూలాన్నే తీసేసిన ఇలాంటి ఆలోచనలంటే నాకు చాలా గౌరవం.

ఒక డిప్లొమా థీసిస్

ప్రపంచమంతా వాడే ఓపెన్‌ఓసీడీ ఒక విద్యార్థి థీసిస్‌గా మొదలైంది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ అప్లైడ్ సైన్సెస్ విశ్వవిద్యాలయంలో 2005లో డొమినిక్ రాత్ దాన్ని రాశాడు. తర్వాత ఎంతోమంది చేతులు పడ్డాయి. ఒక్కో చిప్పుకు, ఒక్కో బోర్డుకు, ఒక్కో ప్రోబ్‌కు విడివిడిగా చిన్న చిన్న స్క్రిప్టులు చేరాయి. కొత్త బోర్డు చేతికొచ్చినవాళ్లు పెద్ద ప్రోగ్రాం జోలికి పోకుండా ఒక్క చిన్న ఫైలు రాసి కలిపితే చాలు.

మన ఇంజనీరింగ్ కాలేజీల మైక్రోకంట్రోలర్ ల్యాబుల్లో 8051 ప్రోగ్రాములు రాసిన ఈసీఈ విద్యార్థులకు కీల్ మైక్రోవిజన్ పరిచయమే. అది విండోస్ మీద మాత్రమే నడుస్తుంది. 8051 దాటి ఆర్మ్ చిప్పుల దగ్గరికి వచ్చాక, ఇంట్లో లినక్స్ ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థికి జీసీసీ కంపైలర్, జీడీబీ, ఓపెన్‌ఓసీడీ కలిసి తెరిచిన తలుపు ఎంత పెద్దదో ఆ విద్యార్థికే తెలుస్తుంది. లైసెన్సు ఖర్చు లేదు, కోడ్ పరిమాణం మీద హద్దు లేదు.

వేగం తీగలో లేదు, రాకపోకల్లో ఉంది

డీబగ్గర్ నత్తనడక నడుస్తుంటే చాలామంది క్లాక్ వేగం పెంచి చూస్తారు. చాలాసార్లు ఫలితం ఉండదు. ఎందుకో చూద్దాం.

ఎన్నో ప్రోబ్‌లలో ఎఫ్‌టీడీఐ కంపెనీ యూఎస్‌బీ చిప్పు ఉంటుంది. ఆ చిప్పు కాస్త డేటా వచ్చినా వెంటనే పంపదు. బఫర్ నిండాలి, లేదా ఒక టైమర్ గడువు తీరాలి. ఆ టైమర్‌కు ఫ్యాక్టరీ నుంచి వచ్చే విలువ 16 మిల్లీసెకన్లు. ఇప్పుడు ఆర్మ్ కార్టెక్స్-ఎం ప్రాసెసర్‌లో రిజిస్టర్లు చదవాలనుకోండి. ముఖ్యమైనవి 17. ఒక్కోదాన్నీ అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి, తర్వాతిది అడిగితే కేవలం ఆగడానికే 272 మిల్లీసెకన్లు పోతాయి. లోపల జరిగే అసలు పనికి పట్టేది అందులో ఎంతో కొంచెం. కిరాణా కొట్టుకు ఉప్పు కోసం ఒకసారి, చింతపండు కోసం ఒకసారి, పప్పు కోసం ఇంకోసారి వెళ్లొచ్చినట్టే ఇది. చీటీ రాసుకుని ఒక్కసారి వెళ్తే సరిపోతుంది. మంచి డీబగ్గర్ చేసేదీ అదే. అడగాల్సినవన్నీ వరసలో పేర్చి ఒకే ప్యాకెట్‌లో పంపి, జవాబులన్నీ ఒకేసారి తెచ్చుకుంటుంది. ఎఫ్‌టీడీఐ చిప్పులో "ఉన్నది ఇప్పుడే పంపు" అనే ఆదేశం కూడా ఉంది. వరస చివర దాన్ని చేరిస్తే టైమర్ కోసం కాచుకోనక్కర్లేదు.

యూఎస్‌బీకి ఉన్న హద్దులు వేరే. ఫుల్ స్పీడ్ యూఎస్‌బీ కాలాన్ని 1 మిల్లీసెకను ముక్కలుగా, హై స్పీడ్ 125 మైక్రోసెకన్ల ముక్కలుగా కోస్తుంది. తీగ ఎంత మంచిదైనా సాధారణంగా ఆ ముక్కలకంటే వేగంగా ప్రశ్న వెళ్లి జవాబు రాదు. దీనికి తోడు విండోస్‌లో మామూలు టైమర్ దాదాపు 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి కదులుతుంది. "1 మిల్లీసెకను ఆగు" అని రాసిన కోడ్ అక్కడ 15 దాకా ఆగిపోవచ్చు. అదే కోడ్ లినక్స్‌లో చురుగ్గా ఉంటుంది. రాసినవాళ్ల యంత్రంలో కనపడని జబ్బు వాడేవాళ్ల యంత్రంలో కనపడటానికి ఇదొక కారణం.

నెట్‌వర్క్ మీదుగా డీబగ్ చేస్తే 1984లో జాన్ నేగల్ ప్రతిపాదించిన పద్ధతి అడ్డొస్తుంది. చిన్న ప్యాకెట్లను కాసేపు ఆపి కలిపి పంపడం దాని పని. ఫైళ్లు పంపేటప్పుడు అది వరం. ఒక్కో అక్షరంతో మాట్లాడుకునే డీబగ్గర్‌కు అది గుదిబండ. దాన్ని ఆపేయడానికి కోడ్‌లో ఒకే ఒక్క లైను చాలు. కానీ ఆ లైను అక్కడ లేదని కనుక్కోవడానికి ప్యాకెట్లను ఒక్కొక్కటిగా చూస్తూ గంటలు గడపాలి.

రానూపోనూ 45 గంటలు

ఆలస్యం సంగతి వచ్చింది కాబట్టి వోయేజర్-1 గురించి చెప్పాలి. 1977లో బయల్దేరిన ఆ అంతరిక్ష నౌక 2023 నవంబరులో అర్థం లేని డేటా పంపడం మొదలుపెట్టింది. అప్పటికి అది 2,400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. సందేశం వెళ్లడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి అంతే. 2024 మార్చిలో ఇంజనీర్లు పంపిన ఒక ఆదేశానికి జవాబుగా నౌకలోని ఒక కంప్యూటర్ మెమరీ మొత్తం భూమికి వచ్చింది. దాన్ని సమస్య రాకముందు నాటి ప్రతితో పోల్చి చూస్తే దాదాపు 3 శాతం పాడైందని, కారణం ఒక చిప్పు కావచ్చని తేలింది. అక్కడి కోడ్‌ను పెట్టడానికి మరెక్కడా అంత ఖాళీ లేదు. ముక్కలు చేసి, వేర్వేరు చోట్ల సర్ది, ఒకదాన్నొకటి వెతుక్కునే చిరునామాలన్నీ సరిదిద్ది పంపారు. ఏప్రిల్ 20న నౌక ఆరోగ్యం గురించిన సమాచారం మళ్లీ అర్థమయ్యేలా వచ్చింది. మెమరీ చదవడం, తేడా వెతకడం, దిద్ది తిరిగి రాయడం. మన బల్ల మీద డీబగ్గర్ చేసేదీ సరిగ్గా ఇదే.

26 అనే బైటు దగ్గర ఫైలు ఆగిపోతుంది

విండోస్‌లో సీ భాష ప్రోగ్రాం ఒక ఫైలును టెక్స్ట్ పద్ధతిలో తెరిచి చదివితే, 26 విలువ ఉన్న బైటు రాగానే ఫైలు అయిపోయిందనుకుంటుంది. కంట్రోల్-జడ్ అంటే ముగింపు అనే పాత కాలపు ఆనవాయితీ అది. లినక్స్‌లో అలాంటిదేమీ లేదు. కాబట్టి లినక్స్‌లో ఏళ్లుగా చక్కగా ఫర్మ్‌వేర్ ఎక్కించిన పనిముట్టు విండోస్‌లో సగం ఎక్కించి ఆగవచ్చు. ఫైలు తెరిచేచోట "బైనరీ" అని చెప్పే ఒక్క అక్షరం చేరిస్తే చాలు.

ఇలాంటివి గంపెడు ఉన్నాయి. కొన్ని గబగబా చెబుతాను.

విండోస్‌లో సీరియల్ పోర్టు కామ్9 దాకా నేరుగా తెరుచుకుంటుంది. కామ్10 నుంచి పేరుకు ముందు ప్రత్యేక గుర్తులు తగిలించాలి.

మ్యాక్‌లో ఒకే సీరియల్ పరికరం రెండు పేర్లతో కనిపిస్తుంది. ఒకటి తెరవగానే తెరుచుకుంటుంది. రెండోది అవతలి నుంచి క్యారియర్ సంకేతం వచ్చేదాకా కదలదు. ఆ రెండో పేరు ఎంచుకుంటే ప్రోగ్రాం బిగుసుకుపోయినట్టు ఉంటుంది.

చాలా చోట్ల నుంచి ఒకేసారి డేటా కోసం ఎదురుచూసే సెలెక్ట్ అనే ఫంక్షన్ లినక్స్‌లో సీరియల్ పోర్టులకూ, కీబోర్డుకూ, నెట్‌వర్క్‌కూ పనిచేస్తుంది. విండోస్‌లో అది నెట్‌వర్క్ సాకెట్లకు మాత్రమే. డీబగ్ సర్వర్‌ను లినక్స్ నుంచి విండోస్‌కు తెచ్చేవాళ్లు మొదట గుద్దుకునే గోడ ఇది.

ఫైలు పేరు తర్వాత రెండు చుక్కల గుర్తు, దాని తర్వాత లైను నంబరు రాస్తే జీడీబీ అక్కడ ఆగుతుంది. విండోస్‌లో డ్రైవ్ అక్షరం తర్వాత వచ్చేదీ అదే గుర్తు. ఏది దేనికో పనిముట్టే తేల్చుకోవాలి. పైగా కంపైల్ చేసిన యంత్రంలోని పూర్తి చిరునామా డీబగ్ సమాచారంలో ఉండిపోతుంది. సర్వర్‌లో కట్టిన ఫర్మ్‌వేర్‌ను మన ల్యాప్‌టాప్‌లో తెరిస్తే సోర్స్ ఫైలు దొరకదు. పాత చిరునామా చోట కొత్తది పెట్టుకోవడానికి జీడీబీలో ఒక ఆదేశం ఉంది. దాన్ని తెలుసుకున్న రోజు ఏ ఇంజనీరుకైనా మంచి రోజే.

మౌస్ వేషంలో డీబగ్గర్

కొత్త యూఎస్‌బీ పరికరం పెట్టగానే విండోస్ డ్రైవర్ అడుగుతుంది. లినక్స్‌లో డ్రైవర్ అక్కర్లేకపోయినా మామూలు యూజర్‌కు అనుమతి ఇచ్చే నియమం రాసుకోవాలి. కార్పొరేట్ ల్యాప్‌టాప్‌లలో డ్రైవర్ ఎక్కించే హక్కే ఉండదు. ఆర్మ్ తెచ్చిన సీమ్‌సిస్-డ్యాప్ అనే ప్రమాణం మొదటి వెర్షన్‌లో దీనికొక ఉపాయం పన్నింది. మౌస్, కీబోర్డుల తరగతికే చెందిన పరికరంగా ప్రోబ్ తనను తాను పరిచయం చేసుకుంటుంది. ఆ తరగతి డ్రైవర్ ప్రతి వ్యవస్థలోనూ ముందే ఉంటుంది. అయితే ఫుల్ స్పీడ్‌లో ఆ తరగతికి మిల్లీసెకనుకు 64 బైట్లే హద్దు. 1 మెగాబైటు ఫర్మ్‌వేర్‌కు ఎంత తక్కువన్నా 16 సెకన్లు. రెండో వెర్షన్ వేగవంతమైన బల్క్ దారికి మారింది. ఏ డ్రైవర్ వాడాలో పరికరమే విండోస్‌కు చెప్పే వివరాలు చేర్చుకుని, డ్రైవర్ ఎక్కించే బాధ మళ్లీ రాకుండా చూసుకుంది.

బ్రేక్‌పాయింట్లకు కరువు

ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాం రాసేవాళ్లు ఎన్ని బ్రేక్‌పాయింట్లయినా, అంటే ప్రోగ్రాం ఆగాల్సిన గుర్తులు, పెట్టుకుంటారు. అక్కడ కోడ్ ర్యామ్‌లో ఉంటుంది. డీబగ్గర్ ఆ చోటి ఆదేశాన్ని తీసి "ఆగు" అనే ఆదేశం రాసేస్తుంది. చిన్న చిప్పుల్లో కోడ్ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. దాన్ని అలా అక్షరం చెరిపి రాయలేం, ఒక పేజీ మొత్తం చెరపాలి. పైగా ఎన్నో మైక్రోకంట్రోలర్ల ఫ్లాష్‌కు తయారీదారు హామీ 10,000 చెరుపులే. అందుకే చిప్పులోనే చిరునామాలను పోల్చి చూసే సర్క్యూట్లు పెట్టారు. కార్టెక్స్-ఎం3, ఎం4 చిప్పుల్లో సాధారణంగా అలాంటివి 6. కార్టెక్స్-ఎం0లో 4కు మించవు. ఏడో బ్రేక్‌పాయింట్ పెట్టబోతే కుదరదు. ఎందుకు కుదరలేదో స్పష్టంగా చెప్పే పనిముట్టుకూ, ఊరికే "విఫలం" అనే పనిముట్టుకూ మధ్య కొత్తవాళ్లకు ఒక రోజంతా తేడా.

ప్రాసెసర్ ఆగితే మోటారు ఆగదు

బ్రేక్‌పాయింట్ దగ్గర ప్రాసెసర్ ఆగిపోయినా చుట్టూ ఉన్న టైమర్లు తమ పని తాము చేస్తూ పోతాయి. మోటారును నడిపే సంకేతం అప్పుడు ఏ స్థాయిలో ఉంటే అక్కడే కొనసాగుతుంది. సరిదిద్దే ప్రోగ్రాం ఆగి ఉంది కాబట్టి కరెంటు పెరిగి ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చు. వాచ్‌డాగ్ టైమర్ అయితే ప్రోగ్రాం చచ్చిపోయిందనుకుని చిప్పును రీసెట్ చేసేస్తుంది. ఎస్‌టీఎం32 వంటి చిప్పుల్లో "ప్రాసెసర్ ఆగితే ఈ టైమర్ కూడా ఆగాలి" అని ఒక్కో టైమర్‌కూ విడిగా చెప్పే బిట్లు ఉన్నాయి. వాటిని ముందే సరిగ్గా పెట్టి ఇచ్చే స్క్రిప్టు రాసినవాళ్లు ఎన్ని బోర్డులు కాలకుండా కాపాడారో.

ఆపడం భయమైతే ప్రింట్ చేసి చూద్దామంటారు. దానికీ ఖరీదు ఉంది. 1,15,200 బాడ్ వేగంలో ఒక్క అక్షరం వెళ్లడానికి దాదాపు 87 మైక్రోసెకన్లు. 72 మెగాహెర్ట్జ్ చిప్పుకు అది 6,250 క్లాక్ చక్రాలు. 40 అక్షరాల లైను వెళ్లేదాకా ప్రోగ్రాం ఆగి ఉంటే మూడున్నర మిల్లీసెకన్లు పోయినట్టే. ఈ ఆలస్యం వల్లే కొన్నిసార్లు వెతుకుతున్న తప్పు మాయమవుతుంది, ప్రింట్ తీసేయగానే తిరిగొస్తుంది. సెగ్గర్ కంపెనీ ఆర్‌టీటీ పద్ధతిలో ప్రోగ్రాం తన మాటను ర్యామ్‌లోని ఒక బఫర్‌లో పెట్టి ముందుకు పోతుంది. ప్రాసెసర్‌ను ఆపకుండానే డీబగ్గర్ దాన్ని తీసుకుంటుంది.

అంగారకుడి మీద వదిలేసిన డీబగ్ కోడ్

నాసా పంపిన మార్స్ పాత్‌ఫైండర్ నౌక 1997 జూలై 4న అంగారకుడి మీద దిగింది. కొద్ది రోజులకు దాని కంప్యూటర్ ఉన్నట్టుండి రీసెట్ అవుతూ వచ్చింది. వాతావరణ కొలతలు తీసే తక్కువ ప్రాధాన్యం పని ఒక తాళాన్ని పట్టుకుని ఉండగా, మధ్యస్థ ప్రాధాన్యం పనులు దాన్ని ముందుకు కదలనివ్వలేదు. ఆ తాళం కోసం ఎక్కువ ప్రాధాన్యం పని కాచుకుని గడువు దాటిపోయింది. నాసా జేపీఎల్ కేంద్రం ఇంజనీర్లు భూమి మీద ఉన్న నకలులో ఆ పరిస్థితిని తిరిగి రప్పించి పట్టుకున్నారు. ప్రయోగానికి ముందు తీసేయకుండా నౌకలోని సాఫ్ట్‌వేర్‌లోనే ఉంచిన డీబగ్ సదుపాయాలు కారణం కనుక్కోవడానికి పనికొచ్చాయి. ఆ తర్వాత ఒక ఎంపికను మార్చి పంపారు. "తుది ఉత్పత్తిలో డీబగ్ కోడ్ ఉండకూడదు" అనే వాదన విన్నప్పుడల్లా నాకు ఈ సంఘటన గుర్తొస్తుంది.

అందరూ ఒప్పుకోలేదు

లినక్స్ కెర్నెల్‌లో డీబగ్గర్ పెట్టడం దాని సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్‌కు ఇష్టం లేదు. 2000 సంవత్సరంలో ఆ మాట బహిరంగంగానే చెప్పాడు. పనిముట్టు మీద ఆధారపడితే కోడ్ గురించి లోతుగా ఆలోచించడం మానేస్తారని ఆయన భయం. కేజీడీబీ అనే కెర్నెల్ డీబగ్గర్ 2008లో 2.6.26 వెర్షన్‌తో గానీ ప్రధాన కెర్నెల్‌లోకి రాలేదు. ఆలోచించడం గురించి ఆయన అన్నది నిజమే. కానీ చిప్పు తయారీదారు పుస్తకంలో రాసింది ఒకటి, చిప్పు చేసేది ఒకటి అయినప్పుడు ఎంత ఆలోచించినా లాభం లేదు, లోపలికి చూడాల్సిందే.

పుస్తకంతో సరిపడని చిప్పు

బ్లూ పిల్ అనే చౌక బోర్డు మీద ఎస్‌టీఎం32 అని అచ్చేసిన చిప్పులు కొన్ని అసలువి కావు. ఓపెన్‌ఓసీడీ తెరవగానే వాటిలో కొన్నిటి గుర్తింపు సంఖ్య వేరుగా వస్తుంది. మొదటి అంకె 1 ఉండాల్సిన చోట 2 ఉంటుంది. అంగట్లో మోసం డీబగ్గర్ దగ్గర బయటపడుతుంది. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, అసలువైనా నకిలీవైనా ఆ చిప్పుల్లో డీబగ్ తీగలు మామూలు పిన్నులుగా కూడా వాడుకోవచ్చు. ప్రోగ్రాం పొరపాటున వాటిని దీపం వెలిగించడానికి తీసుకుంటే మరుక్షణం నుంచి డీబగ్గర్‌కు తలుపు మూతపడుతుంది. చిప్పు పోయిందని పారేయకండి. రీసెట్ పిన్నును పట్టి ఉంచి, ప్రోగ్రాం మొదలుకాకముందే లోపలికి దూరే పద్ధతి ఉంది. చాలా పనిముట్లలో అది ఒక్క ఎంపిక మార్చితే వస్తుంది.

రెండు పికోలు ఉంటే చాలు

డీబగ్గింగ్‌కు వాడే ఇన్‌సర్క్యూట్ ఎమ్యులేటర్లు ఒకప్పుడు కంపెనీలు మాత్రమే కొనగలిగిన ఖరీదైన పెట్టెలు. 2021లో 4 డాలర్లకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు ఒకదాన్ని ఇంకో పికోకు డీబగ్ ప్రోబ్‌గా మార్చే ఫర్మ్‌వేర్‌ను ఆ సంస్థే ఉచితంగా ఇస్తోంది. రెండు బోర్డుల మధ్య క్లాక్‌కు ఒక తీగ, డేటాకు ఒకటి, గ్రౌండ్‌కు ఒకటి. ల్యాప్‌టాప్‌లో ఓపెన్‌ఓసీడీ, జీడీబీ. విండోస్ అయినా, లినక్స్ అయినా, మ్యాక్ అయినా. ఈసీఈ రెండో సంవత్సరం పిల్లలు ఎవరైనా చదువుతుంటే, ఈ సెలవుల్లో ముందు చేయాల్సింది ఆ మూడు తీగలు కలిపి, మొదటి బ్రేక్‌పాయింట్ పెట్టి, రిజిస్టర్లన్నీ తెరిచి చూడటం.